కొన్న ఆట ఎవరిది?
ఆదోనిలో 1990ల నాటి బాలునకు వీడియోగేము కేసెట్టు ఒకమారు కొన్నచో చెడిపోవువఱకు తనదే. మిత్రునకు ఎరువీయవచ్చును, సగము వెలకు అమ్మవచ్చును, ఎమ్మిగనూరు బస్సులో మేనమామ కొడుకునకు పంపవచ్చును. నేటి ఆటల చిత్రశోభను అందఱును కొనియాడుచున్నారు, ఉచితమని పిలిచి లోపల రూకలు గుంజుటను కొందఱు నిందించుచున్నారు. కాని ఆ యెరువు అంతరించుటను గూర్చి పలికినవారు నాకు కానరారు. మార్కెట్ యార్డు హమాలీ కొడుకును, జిన్నింగుమిల్లు యజమాని కొడుకును ఒకే యాటను ఆడగలుగుటకు, ఆడుచు నొకనివలన నొకడు నేర్చుకొనుటకు, చేతులు మారిన ఆ కేసెట్టే కారణమని నా దృఢవిశ్వాసము. ఇప్పుడు చాలవఱకు ఆట కొన్నవాని ఖాతాకు బద్ధమై, ఆ ఖాతా అమ్మినవాని సర్వరుకు బద్ధమై యున్నది. 2024 మార్చి 31న యూబీసాఫ్టు సంస్థ ‘ది క్రూ’ అను తన ఆట సర్వర్లను నిలిపివేయగా, సొమ్ము చెల్లించినవారి యింట డిస్కు మిగిలెను, ఆట మిగులలేదు. ఎమ్మిగనూరు నేతగాడు అమ్మిన దుప్పటిని మరల వచ్చి లాగికొనిపోడు గదా! అమ్మునది అనుమతి మాత్రమేయని కొనువానికి ముందే తెలుపవలెనను శాసనము కాలిఫోర్నియాలో 2025 నుండి అమలులో నున్నది. ఐరోపాలో ఆటలను చంపవలదని పదిలక్షలకు పైగా జనులు సంతకములు చేసిరి. సర్వరు మూయు సంస్థ, కొన్నవానికి ఇంటర్నెట్టు లేకయే నడచు ప్రతి నొకదానిని ఇచ్చి తీరవలెనని మన వినియోగదారుల చట్టమునందును చేర్పవలెను. ఆటగాండ్రారా, మీ శాసనసభ్యుని, పార్లమెంటు సభ్యుని ఈ మాట అడుగుడు.