సాఫ్ట్‌వేర్ పేటెంట్లకు విరుగుడు పాత తేదీయే

పసుపు గాయాన్ని మాన్పుతుందన్న సంగతి రాయచూరు జిల్లాలో ఏ ఇంటికీ కొత్త కాదు. అయినా 1995లో అమెరికా ఆ గుణం మీదనే మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంట్ మంజూరు చేసింది. 1996లో భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి దానిని సవాలు చేసింది. అవ్వల నాటి వాడుక అన్న మాట అక్కడ చాలదు. సంస్కృత గ్రంథాలు, 1953 నాటి వైద్య పత్రికలోని వ్యాసం సహా 32 లిఖితాధారాలు సమర్పించిన పిదప, 1997లో ఆ పేటెంట్ రద్దయింది.

సాఫ్ట్‌వేర్ విషయంలోనూ సూత్రం ఇదే. దరఖాస్తు తేదీకి ముందే ఒక పద్ధతి లోకానికి వెల్లడై ఉంటే దానికి కొత్తదనం లేదు. భూతగాదాలో పాత పహణీకి ఎంత విలువో, ఇక్కడ పాత తేదీకి అంత విలువ. ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములలో ఏ మార్పు ఏనాడు జరిగిందో సాధారణంగా నమోదై ఉంటుంది. రెడ్ హ్యాట్, నోవెల్ సంస్థలపై 2007లో వేసిన దావాలో, తెరపై పలు పనిస్థలాలు చూపే పద్ధతికి సంబంధించిన పేటెంట్లు చెల్లవని 2010 ఏప్రిల్‌లో టెక్సస్ జ్యూరీ తేల్చింది.

అయితే ఆధారం ఉండటం వేరు, దొరకటం వేరు. పేటెంట్ పత్రాల భాష ఒకటి, ప్రోగ్రామ్ రాసేవారి భాష మరొకటి. పరీక్షాధికారి వెదికే పదం కోడ్‌లో కనిపించకపోవచ్చు. అందుకే కోడ్‌తోపాటు దాని వివరణ పుస్తకం, విడుదల ప్రకటన కూడా కీలకమవుతాయి.

మన చట్టంలోని 3(కె) విభాగం కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు పేటెంట్ నిరాకరిస్తుంది. 2004 డిసెంబరు ఆర్డినెన్స్ ఈ కట్టును సడలించబోగా, 2005లో పార్లమెంటు ఆ సడలింపును తొలగించింది. అయినా యంత్రంతో ముడిపెట్టిన దరఖాస్తులకు దారి పూర్తిగా మూసుకోలేదు. ప్రచురితమైన దరఖాస్తుపై, పేటెంట్ మంజూరుకు ముందు, 25(1) విభాగం కింద ఎవరైనా లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపవచ్చు. కాని 2024 నిబంధనలు ఆ అభ్యంతరానికి రుసుము విధించి, అది విచారణార్హమా కాదా అన్న ముందస్తు పరిశీలననూ చేర్చాయి. సామాన్యుని హక్కు మిగిలింది గాని, గడప కొంత ఎత్తయింది.

సింధనూరు, మాన్వి ప్రాంతాల తెలుగు క్యాంపుల నుండి ఈ చదువులకు వెళ్లే పిల్లలు గ్రహించవలసినది ఒకటున్నది. ధాన్యం లెక్కలకు చిన్న ప్రోగ్రామ్ రాసినా, దానిని వివరణతో, తేదీతో బహిరంగపరచాలి. పెట్టెలో దాచిన తెలివి రేపు పరుల దరఖాస్తును అడ్డుకోలేదు. వెల్లడించిన తెలివే సాక్ష్యమై నిలుస్తుంది.