నడవనివ్వని దారులు

65 నిండినోళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కాస్త అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. మంచిదే. మన ముసలోళ్లు ఎక్కడ నడవాలె? ఊరవతల వేసిన మన వాడలకు దుకాణం, పోస్టాఫీసు, బస్సు అన్నీ దూరమే. దారి పొడుగునా మురుగు, చీకటి. పట్నం బస్తీ ఇరుకే. అయినా కిరాణా, దవాఖాన, పలకరించే మనిషి నాలుగడుగుల్లోనే ఉంటారు. అందుకే అక్కడ అవ్వ నడుస్తది. ఆ బస్తీని లేపి పట్నం బయటి అంతస్తుల్లో పడేస్తే ఆమె గదికే బందీ. కాలిబాట 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట వాడదాకా రావాలె. ఈసారి గ్రామసభకు మన తాతనూ అవ్వనూ నడిపించుకుపోదాం. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ రోడ్డు, దీపం, కూర్చునే అరుగు అడుగుదాం.