మైలురాళ్ళ మోజు

బండి మీద సరదాగా తిరిగే అలవాటుందని తెలియగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న: "లడాఖ్ వెళ్ళొచ్చారా?" లేదంటే అడిగినవాళ్ళ మొహంలో కాస్త జాలి. రెండోది: "ఒక్కరోజులో ఎంత కొట్టారు?" మూడోది: "ఎన్ని సీసీ?" మలుపులో బండి ఎలా వంచుతారు, ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో దిగుతారు అని అడిగినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు.

ఈ ప్రశ్నల వెనక ఓ సిద్ధాంతం స్థిరపడిపోయింది. ఎంత ఎత్తెక్కితే, ఎంత దూరం పోతే, ఎంత ఒళ్ళు హూనం చేసుకుంటే అంత గొప్ప రైడరు. ఆదివారం తెల్లారకముందే లేచి హైదరాబాద్ నుంచి వికారాబాద్ కొండల దాకా పోయి, దారిలో ఇడ్లీ తిని, మధ్యాహ్నం భోజనం వేళకు ఇల్లు చేరేవాడు ఈ లెక్కలో రైడరే కాదు, టిఫినుకెళ్ళొచ్చినవాడు. బండ్ల ప్రకటనల్లో మంచుకొండలు, యూట్యూబ్ వీడియోల్లో మంచుకొండలు, జాకెట్ల మీద కుట్టించుకున్న బ్యాడ్జీల్లోనూ మంచుకొండలే. వినోదంగా ఉండాల్సినదాన్ని ఈ సిద్ధాంతం పరీక్ష చేసి కూర్చోబెట్టింది. పైగా ఆ పరీక్షలో అడిగేవన్నీ సిలబస్‌లో లేని ప్రశ్నలు.

ముందు ఎత్తు సంగతి. లేహ్‌కి ఉత్తరాన ఖర్దుంగ్ లా కనుమ దగ్గర ఏళ్ళ తరబడి ఒక బోర్డు ఉండేది: ఎత్తు 18,380 అడుగులు, ప్రపంచంలోకెల్లా ఎత్తైన మోటారు రోడ్డు అని. అక్కడిదాకా పోయి దాని పక్కన ఫొటో దిగకుండా వచ్చినవాళ్ళు అరుదు. తీరా సరిగ్గా కొలిస్తే తేలింది సుమారు 17,582 అడుగులు. మిగతా ఎనిమిది వందల అడుగులూ బోర్డు చలవే. 2021లో తూర్పు లడాఖ్‌లోని ఉమ్లింగ్ లా రోడ్డు 19,024 అడుగులతో గిన్నిస్ రికార్డుకెక్కింది. 2025లో సరిహద్దు రోడ్ల సంస్థ మిగ్ లా దగ్గర 19,400 అడుగుల దాకా రోడ్డు తీసుకెళ్ళింది. మరి పాత ఫొటోలన్నీ రద్దయినట్టా? సైన్యం అవసరాల కోసం వేసిన రోడ్లు కాబట్టి అవి పెరుగుతూనే ఉంటాయి. ఆ వెనకే బ్యాడ్జీలు మార్చుకుంటూ పోవాల్సిందే.

అంత ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగానికి పడిపోతుంది. ఇంజనుకు ఊపిరాడదు, నడిపేవాడికీ ఆడదు. పాత కార్బురేటరు బండి అయితే గాలి చాలక, పెట్రోలెక్కువై, నల్లపొగ కక్కుతూ మూలుగుతుంది. ఇంజెక్షన్ బండ్లు కాస్త నయం గానీ వాటి బలమూ తగ్గుతుంది. ఆ నేల అందాన్ని కాదనేంత మూర్ఖత్వం నాకు లేదు. చూడదగ్గ చోటే, తప్పకుండా చూడండి. కానీ చూడదగ్గ చోటు వేరు, బండి నడపడంలోని సుఖం వేరు. తలపోటుతో, ఊపిరందక, మొదటి గేరులో ఈడ్చుకుంటూ పోయేచోటును బండి నడకకు గీటురాయి చేయడమేమిటి?

ఇక దూరం. అమెరికాలో ఐరన్ బట్ అసోసియేషన్ అని ఒకటుంది. ఇరవై నాలుగు గంటల్లో వెయ్యి మైళ్ళు, అంటే దాదాపు 1,610 కిలోమీటర్లు నడిపితే ‘శాడిల్‌సోర్ 1000’ సర్టిఫికెట్ ఇస్తుంది. దారిలోని పెట్రోలు బంకుల బిల్లులు సాక్ష్యం. మన రైడర్లకూ ఇది మోజే. అయితే మన దేశంలో నాలుగు వరసల రహదారి మీదైనా, ఎక్స్‌ప్రెస్ వే మీదైనా మోటార్‌సైకిల్‌కు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. ఎక్కడా తగ్గకుండా, ఎక్కడా ఆగకుండా సరిగ్గా ఎనభై మీదే పోయినా 1,610 కిలోమీటర్లకు ఇరవై గంటల పైనే పడుతుంది. మిగిలిన నాలుగు గంటల్లోపే పెట్రోలు, తిండి, ఒంటికి రెంటికి, నిద్ర. మధ్యలో ఊళ్ళున్నాయి, బర్రెలున్నాయి, రోడ్డు పనుల డైవర్షన్లున్నాయి. కాబట్టి మన రోడ్ల మీద ఈ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడు చట్టమైనా మీరి ఉండాలి, నిద్రైనా మాని ఉండాలి. చాలామంది విషయంలో రెండూ నిజమే. దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తున్నారు!

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వాళ్ళలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళు. మొత్తం మరణాల్లో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోవి. సరదా రైడర్లు ఇందులో ఎందరో ఈ అంకెలు చెప్పవు. ఎక్కువమంది ఆఫీసుకో పొలానికో వెళ్ళేవాళ్ళే అయి ఉంటారు. అయినా అదే రోడ్డు మీద నిద్ర మానుకుని వేగంగా పోవడాన్ని ఘనకార్యంగా చెప్పుకోవడానికి గుండె ధైర్యం కన్నా మొహమాటం లేకపోవడమే ఎక్కువ కావాలి.

పోనీ, బండి ప్రయాణాల పుస్తకాలు చూడండి. అన్నిటికన్నా పేరు మోసినవి రెండు: చే గువేరాదొకటి, రాబర్ట్ పిర్సిగ్‌దొకటి. చే గువేరా 1952లో స్నేహితుడితో కలిసి ఎక్కిన ఐదొందల సీసీ నార్టన్ చిలీ దాటకుండానే మూలపడింది. ఆ తర్వాత లారీలు, పడవలు, తెప్పలు. అయినా పుస్తకం పేరులో మోటార్‌సైకిల్ నిలిచింది. రాబర్ట్ పిర్సిగ్ 1968లో కొడుకును వెనక కూర్చోబెట్టుకుని అమెరికాలో సగం దేశం దాటింది 305 సీసీ హోండా మీద. ఇప్పటి మన బుల్లెట్ కన్నా చిన్న ఇంజను. అంతకన్నా ముందు మనవాడు ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. ఆయనా దూరం రాశాడు. దాంతోపాటు ఏ మజిలీలో నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళున్నాయా, సరుకులేం దొరుకుతాయి అని కూడా రాశాడు. అందుకే ఇప్పటికీ చదువుతున్నాం. మన రైడ్ వీడియోల్లో దారిలోని ఊళ్ళ పేర్లు వినపడవు. డ్రోన్ షాటూ, కిలోమీటర్ల మీటరూ కనపడతాయి.

ఈ సిద్ధాంతంలో నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండే భాగం కష్టాన్ని పుణ్యం చేయడం. వీపు పట్టేసిందా? అదే అసలు రైడు. వానలో తడిసి జ్వరమొచ్చిందా? జ్ఞాపకం. నడిరోడ్డు మీద గొయ్యిలో పడి రిమ్ము వంకర పోయిందా? "అదీ ఎక్స్‌పీరియన్సే బ్రో." ఏం ఎక్స్‌పీరియన్సు? రిమ్ము డబ్బులెవరిస్తారు?

చిరాకును చిరాకనే అనాలి. మన రోడ్డు మీద బండివాడికి తగిలే చిరాకుల్లో ఏ ఒక్కటీ హిమాలయాల్లోది కాదు. జాతీయ రహదారి సర్వీసు రోడ్డులో రాంగ్ రూట్లో, లైటు లేకుండా ఎదురొచ్చే ట్రాక్టరు. ఊరి మొదట్లో తెల్లగీతల్లేని స్పీడ్ బ్రేకరు, ఎవరో సొంతానికి వేసుకున్నట్టుండేది. డిప్ కొట్టినా దించని హైబీమ్. మలుపులో జారిపోయి పరుచుకున్న కంకర, నాలుగు చక్రాలవాడికి అదసలు కనపడదు, మనకు అదే యముడు. కోతల రోజుల్లో రోడ్డు సగం మేర ఆరబోసిన వడ్లు, మొక్కజొన్నలు. వాటి చుట్టూ హద్దుగా పెట్టిన రాళ్ళు గింజలు ఎత్తేశాక కూడా అక్కడే ఉంటాయి. చీకట్లో ఆ రాయి ముందు చక్రానికి తగిలితే ఎలా ఉంటుందో తగిలినవాళ్ళకు తెలుసు. రైతును తిట్టి లాభం లేదు. ఆయనకు కల్లం లేదు, వాన తరుముతోంది. ఊరికో సిమెంటు కల్లం కట్టించనివాళ్ళను అడగాలి. కష్టాన్ని బ్యాడ్జీ చేసుకున్నవాడు ఆ మాట అడగడు. అడిగితే తన గొప్ప తగ్గిపోతుంది మరి.

సుఖం ఎక్కడుందో కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా ఏడుపుగానే మిగులుతుంది. విశాఖ నుంచి శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కండి. (వికారాబాద్ కొండలదీ ఇదే పేరు. మలుపులకు మాత్రం అరకు దారిలోదే పెద్దది.) సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు పాకి ఉంటాయి, కింద నీడలో కాఫీ మొక్కలు. వేసవి మొదట్లో ఒక వాన పడితే ఆ మొక్కలన్నీ ఒక్కసారిగా తెల్లగా పూస్తాయి. హెల్మెట్ అద్దం కొంచెం ఎత్తితే మల్లెల్లాంటి వాసన. కారులో ఏసీ వేసుకుని పోయేవాడికి ఆ కబురే అందదు.

ఆ దారిలో కుడివైపు మలుపు ఒకటి తీసుకోండి. మలుపుకు ముందే, బండి నిటారుగా ఉండగానే బ్రేకు వేయాలి, ఎక్కువ భాగం ముందు బ్రేకుతో. ఒక గేరు తగ్గించాలి. కుడికి తిరగాలంటే కుడి హ్యాండిల్‌ను మెల్లగా ముందుకు నెట్టాలి. అంటే ముందు చక్రాన్ని లిప్తపాటు ఎడమకు తిప్పుతున్నామన్నమాట. బండి కుడికి ఒరుగుతుంది. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ బండి తొక్కే ప్రతివాడూ తెలియకుండానే చేసేది ఇదే. సైకిల్ విషయంలో ఈ సంగతి గమనించి చెప్పినవాళ్ళలో విమానం కనిపెట్టిన అన్నదమ్ముల్లో ఒకడైన విల్బర్ రైట్ ఉన్నాడు. తెలిసి చేస్తే మాత్రం మలుపు చేతిలోకొస్తుంది. చూపు చక్రం ముందు కాకుండా మలుపు తేలే చోట ఉండాలి, చూసినచోటికే బండి పోతుంది. ఇంకో సంగతి: కుడి మలుపులో చక్రాలు మన వైపే ఉన్నా, ఒరిగిన మన తల మధ్యగీత దాటి అవతలికి పోతుంది. అదే క్షణంలో ఎదురుగా ఆర్టీసీ బస్సు రావచ్చు. అందుకని గీతకు కాస్త ఎడంగా ఒరగాలి. ఇవన్నీ కుదిరి, యాక్సిలరేటరు సన్నగా నిలిపి, బండి ఒక్క కుదుపు లేకుండా మలుపులోంచి లేస్తే, మీటరులో ముప్పై ఐదో నలభయ్యో ఉంటుంది. అంతే. దిగేటప్పుడు రెండో గేరులో ఇంజనే బండిని పట్టి ఆపుతుంటే, బ్రేకులు కాలకుండా కిందిదాకా రావడం ఇంకో విద్య.

దీనికి 195 కిలోల క్లాసిక్ 350 అక్కర్లేదు. 112 కిలోల స్ప్లెండర్ చాలు, 97 సీసీ చాలు. చెయిన్ బిగువు సరిగా ఉండి, టైర్లలో గాలి, గీతలు ఉంటే చాలు. పెద్ద బండి మీద ఇష్టమున్నవాళ్ళు కొనుక్కోండి, దాని చప్పుడులో అదో సుఖం. చిన్నబండివాడి ముందు ఆ చప్పుడు పెంచి చూపించకండి, అంతవరకే.

అసలు ఈ ఎత్తూ దూరాల పిచ్చి ఎక్కణ్ణించి వచ్చింది? నా అనుమానం, మన ఇళ్ళల్లోంచే. మన ఇంట్లో సరదాకు కారణం చూపించాలి. "ఊరికే బండి మీద తిరిగొస్తా" అంటే "తిన్నది అరక్కా?" అంటారు, పెట్రోలు లెక్క తీస్తారు. అదే "శ్రీశైలం పోతున్నా, మల్లన్న దర్శనానికి" అంటే అమ్మ పులిహోర కట్టిస్తుంది. దారి అదే నల్లమల, బండి అదే. రైడర్ల సంఘాలు చేసింది ఇదే తంతు. ఊరికే తిరగడానికి సిగ్గుపడి దానికో యాత్రను తగిలించారు. లడాఖ్ క్షేత్రమైంది, నిద్ర మానడం జాగారమైంది, నడుంనొప్పి మొక్కుబడి అయింది. "దీనివల్ల ఏమొచ్చింది?" అని పెద్దలు అడిగిన ప్రశ్నకు కుర్రాళ్ళు కిలోమీటర్లలో జవాబు చెబుతున్నారు. ప్రశ్నే తప్పని అనేవాడు ఎవడూ లేడు. ఏమీ రాలేదు, హాయిగా ఉంది. ఆ జవాబు చెప్పడానికి మనకింత కష్టమెందుకు?

ఈ సిద్ధాంతం ఎంతమందిని బయట నిలబెడుతుందో కూడా చూడాలి. రెండు వారాలు సెలవు దొరకని షాపు గుమాస్తా, యాభై దాటి మోకాలు సహకరించని మాస్టారు, పిల్లల్ని బడికి పంపాక రెండు గంటలు మాత్రమే మిగిలే గృహిణి. వీళ్ళు తొక్కేదీ బండే. రాత్రి తొమ్మిదికి నల్లమల గేట్లు మూస్తే, తెల్లవారి ఆరుదాకా పులుల అడవిలో బండ్లు తిరగకూడదంటే, రికార్డుల రైడరు ఆ గేటును తిట్టుకుంటాడు. వీళ్ళకు ఆ గేటుతో పేచీ లేదు, పొద్దు వాలేలోపే ఇల్లు చేరేవాళ్ళు.

"అయితే లడాఖ్ మానుకోమంటారా?" అని అడుగుతారు. మానుకోవద్దు. లేహ్‌కి విమానంలో పోయి అక్కడే బండి అద్దెకు తీసుకోండి. అది మోసమట, ఇంటి నుంచే తొక్కుకుంటూ రావాలట. హైదరాబాద్ నుంచి పైకి నలభై నాలుగో నంబరు రహదారి మీద, వేసవి ఎండలో, నాగపూర్ దాటి రోజుల తరబడి సాగే ఆ నాలుగు వరసల తిన్నని తారు మీద బండివాడు చేసే పనేమిటో, కూర్చోవడం తప్ప, ఎవరైనా చెబితే వింటాను. విమానం దిగినవాళ్ళను మొదటి రెండు రోజులు ఆ గాలికి ఒళ్ళు అలవాటు పడేదాకా ఊరికే ఉండమంటారు డాక్టర్లు. ఆ రెండు రోజులూ కిలోమీటర్ల ఖాతాలో పడవు గనక మనవాళ్ళు ఎగ్గొట్టి, మూడో పూటే ఖర్దుంగ్ లా ఎక్కి, పైన ఆక్సిజన్ సిలిండర్ కోసం వెతుక్కుంటారు. ఎగ్గొట్టకండి. ఆ రెండు రోజులూ బజారులో టీ తాగుతూ కూర్చోండి.