అబ్బాకు తోడు బేటీ

శ్యామ్ బెనెగల్ గారి ‘వెల్ డన్ అబ్బా’ 2010లో విడుదలైన హాస్యచిత్రం. మొన్న యాకుత్‌పురాలోని బంధువుల ఇంట మూడు తరాలవారితో కూర్చుని దానిని మరల చూశాము.

ముంబైలో డ్రైవరైన అర్మాన్ అలీ, కూతురు ముస్కాన్‌కు సంబంధం చూడటానికి నెల సెలవుపై మన హైదరాబాదు దాపులనున్న చీకట్‌పల్లికి వచ్చి మూడు నెలలు నిలిచిపోతాడు. పేదలకిచ్చే పథకం కింద బావికి దరఖాస్తు పెడతాడు. చేతులు మారేకొద్దీ సొమ్ము కరిగిపోతుంది. కాగితం మీద బావి పూర్తవుతుంది. నేల మీద అది లేదు. చివరికి కూతురి ఉపాయంతో ఠాణాకు వెళ్ళి, తన బావి దొంగిలించబడిందని ఫిర్యాదు చేస్తాడు!

పిల్లలు పడిపడి నవ్వారు. కార్యాలయపు దృశ్యాలు రాగానే మా నవ్వు గొంతులోనే ఆగింది. ముప్పయ్యేళ్ళు గుమాస్తాగా పనిచేసినవారము. మేము తీసుకోలేదు; కాని తీసుకున్నవారి పక్క బల్ల వద్దనే కూర్చున్నాము.

ఈ చిత్రానికి ఆధారమైన కథలలో ఒకటి మన నగర రచయిత్రి జీలానీ బానో గారి ‘నర్సయ్య కీ బావ్డీ’. కథ పేరులో నర్సయ్య, తెరపై అర్మాన్ అలీ. లంచమడిగేవాడికి ఇద్దరూ ఒకటే. అర్మాన్ కవల సోదరుని కుటుంబాన్ని చిల్లర దొంగలుగా చూపి నవ్వించడం మాత్రం మాకు రుచించలేదు.

మమ్మల్ని ఆకట్టుకున్నది ఆ తండ్రీకూతుళ్ళ స్నేహం. మన ఇండ్లలో వారి నడుమ ప్రేమకు కొదువ లేదు, స్నేహమే అరుదు. ప్రేమతోనే సంబంధం చూస్తాము, ప్రేమతోనే చదువు మాన్పిస్తాము. కూతురి మాట విని ఠాణా మెట్లెక్కే తండ్రులు మన గల్లీలలో ఎందరు?

అసర్ నమాజు తరువాత మేము దరఖాస్తులు వ్రాసిపెట్టే చోటికి గత ఏడాది ఒక ఆటో డ్రైవరు, ఇంటర్ చదివే కూతురితో వచ్చాడు. ఉపకారవేతనం మంజూరైనట్లు రికార్డులో ఉంది, ఖాతాలో పైసా లేదు. “ఛోడో బేటీ, మనకెందుకు” అన్నాడు తండ్రి. “అడిగితే తప్పేముంది చాచా?” అని ఆమె మా వైపు తిరిగింది.

తప్పు లేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం ఎందుకు అడుగుతున్నామో చెప్పనక్కరలేదు. ముప్పది దినాలలో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి రుసుము లేదు. తెలంగాణలో ఉర్దూ రెండవ అధికార భాష కనుక ఆ భాషలోనూ అడగవచ్చు. ఆమె తన చేతితోనే వ్రాసింది. జవాబు వచ్చింది: ఖాతా సంఖ్యలో ఒక అంకె తప్పు. ఎవరు తప్పు వ్రాశారో అందులో లేదు. గుమాస్తాలము కదా, అది మాకు వింతగా తోచలేదు.

మరి కొన్ని వారాలకు ఆ తండ్రి పొరుగాయనను వెంటబెట్టుకొని వచ్చాడు, రేషన్ కార్డు సంగతి. మేము కలము తీశాము. “కాస్త ఆగండి భాయ్‌సాబ్, బేటీ కాలేజీ నుండి వస్తుంది, తానే వ్రాస్తుంది” అన్నాడు.