బానెట్‌పై స్కూప్... పాత కారుకు కొత్త చిక్కు

విజయవాడ: పాత అంబాసిడర్‌కు కొత్త రంగు వేయించడంతో కొందరు యజమానుల ముచ్చట తీరడం లేదు. 1960ల నాటి అమెరికా కార్ల మాదిరిగా బానెట్ మీద ఉక్కు స్కూప్ ఉండాలన్న కోరిక టింకరింగ్ షెడ్ల దాకా వస్తోంది. రేకు కోసి అతకడం ఆటోనగర్ పనివారికి కష్టమైన విద్య కాదు. కోసిన తరువాత ఆ బండి చట్టం దృష్టిలో ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

స్కూప్ అలంకారంగా పుట్టినది కాదు. ఇంజిన్ పక్కన వేడెక్కిన గాలి పలుచబడుతుంది. బయటి చల్లని గాలి సాంద్రత ఎక్కువ కనుక అది కార్బురేటర్‌కు మరింత ఆక్సిజన్ అందిస్తుంది. పెద్ద వీ8 ఇంజిన్లున్న కార్లకు ఇది ఉపకరించింది. మన రోడ్ల మీది తొలితరం ఫార్చ్యూనర్ డీజిల్ బండికి సైతం ఇంజిన్‌పై అమర్చిన ఇంటర్‌కూలర్‌ను చల్లబరచడానికే ఆ రంధ్రం పెట్టారు. 1489 సీసీ, సుమారు 50 అశ్వశక్తి గల అంబాసిడర్‌కు దక్కే లాభం నామమాత్రం. ఎయిర్ క్లీనర్ దాకా గాలిని చేర్చే పెట్టె కూడా లేకపోతే, ఆ స్కూప్ చేసేదల్లా వాననీటిని ఇంజిన్ మీదికి పంపడమే.

పనితనం సంగతీ తక్కువది కాదు. ఫైబర్ స్కూప్ చవకే. అయితే ఫైబరు, ఉక్కు ఎండకు ఒకే తీరున వ్యాకోచించవు. అతుకు వెంట పుట్టీ చిట్లుతుంది. ఉక్కుకు ఉక్కునే అతికితే ఆ బెడద తగ్గుతుంది గానీ, మిల్లీమీటరుకు అటూఇటూగా ఉండే రేకుపై ఏకబిగిన వెల్డింగ్ చేస్తే బానెట్ అలలు తేలుతుంది. అనుభవజ్ఞులు ఒకచోట చుక్క పెట్టి, అది చల్లారేలోగా దూరంగా మరో చుక్క పెడతారు. అడుగున ఉండే ఊత పట్టీలను కోసేస్తే మాత్రం వేగం పెరిగిన కొద్దీ బానెట్ వణకక తప్పదు.

ఇక చట్టం. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే నొక్కి చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మౌలిక లక్షణం మారితేనే మార్పు అన్న వివరణ చట్టంలో ఉన్నా, స్కూప్ ప్రస్తావన లేదు. అది గీతకు ఇవతలిదా, అవతలిదా అన్నది తనిఖీ అధికారి విచక్షణకే మిగిలింది. బీమా సంస్థకు ముందుగా తెలపని మార్పు క్లెయిము వేళ తగాదాకు దారితీస్తుంది.

అసలు నష్టం మరోచోట ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న వాహనానికే ఆ హోదా లభిస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు చెల్లిస్తే పదేళ్లు చెల్లుతుంది. నిత్యం తిరగడానికి వీల్లేకపోయినా, ర్యాలీలకు, ప్రదర్శనలకు వెళ్లవచ్చు. ఆ వయసుకు చేరిన మార్క్-2 అంబాసిడర్లకు ఈ దారి తెరిచే ఉంది. ఒక్క రంధ్రం కోసం దానిని పణంగా పెట్టడం తెలివైన బేరం కాదు.

పైగా అంబాసిడర్ ఉత్పత్తి 2014లోనే ఆగిపోయింది. పాడుచేసుకున్న బానెట్‌కు బదులు కావాలంటే పాత సామాన్ల దుకాణాలే దిక్కు. స్కూప్ కావాల్సిందేనని పట్టుబట్టేవారు అక్కడ మరో బానెట్ కొని, దానిపై పని చేయించి, అసలుదానిని తుప్పు పట్టకుండా నూనె రాసి భద్రపరచడం మేలు. 52వ సెక్షన్ నుంచి ఇది రక్షణ ఇవ్వదు. వింటేజ్ దరఖాస్తు నాటికి బండిని అసలు రూపానికి తెచ్చుకునే వీలు మాత్రం మిగులుతుంది.