వాన నీరు ఇంటి చుట్టూనే నిలిస్తే పునాదికి ఏమవుతుంది? గేటు లోపల మీరేం చేయాలి, గేటు బయట ఎవరిని అడగాలి?

వాన ఆగి రెండు రోజులైంది. వీధి ఆరిపోయింది. ఇంటి పక్క సందులో మాత్రం నీళ్లు అలాగే ఉన్నాయి. చీపురుతో గేటు వైపు తోస్తే మళ్లీ వెనక్కే వస్తున్నాయి. ఇంకో పది రోజులకు హాల్లో గోడ అడుగున రంగు ఉబ్బుతుంది. వేలితో తాకితే పెచ్చు ఊడి, లోపల తెల్లటి ఉప్పులాంటి పొడి రాలుతుంది.

జూన్ నుంచి అక్టోబరు దాకా హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో కనిపించే దృశ్యమే ఇది. అప్పుడు మనం ముందుగా పిలిచేది పెయింటర్‌ని. ఆయన గోడ గీకి, పుట్టీ పెట్టి, వాటర్‌ప్రూఫ్ రంగు వేసి వెళ్తాడు. వచ్చే వానాకాలానికి అదే చోట, ఇంకో అడుగు ఎత్తున మళ్లీ చెమ్మ. ఎందుకంటే రోగం గోడలో లేదు, గోడ పక్కన నిలిచిన నీటిలో ఉంది. ఆ నీరు బయటికి వెళ్లే దారిలో సగం మన ప్రహరీ లోపల ఉంటే, మిగతా సగం మున్సిపల్ కార్పొరేషన్, జలమండలి చేతుల్లో ఉంది. ఏ సగంలో తప్పుందో తేల్చుకోకుండా డబ్బు ఖర్చు పెట్టడం వల్లే ఈ సమస్య ఏళ్ల తరబడి తెగట్లేదు.

పునాదికి నీటితో ఏం ప్రమాదం?

తడి తగలగానే కాంక్రీటు కరిగిపోదు. తడికి మారేది పునాది కింద ఉన్న మట్టి. హైదరాబాద్‌లో చాలా చోట్ల ఎర్రమట్టి, మొరం, వాటి కింద రాయి ఉంటాయి. ఇలాంటి నేలలో ఇల్లు సాధారణంగా గట్టిగానే నిలబడుతుంది. కానీ పల్లపు ప్లాటునో, పాత చెరువు శిఖం భూమినో ఎక్కడి నుంచో తెచ్చిన మట్టితో నింపి కట్టిన ఇళ్ల కథ వేరు. సరిగా దిమ్మిస చేయని నింపుడు మట్టిలోకి నీరు దిగితే అది కిందికి కుంగుతుంది. ఇల్లంతా ఒకేలా కుంగితే పెద్దగా తెలియదు. ఒక మూల మాత్రమే కుంగినప్పుడు గోడ చీలుతుంది.

నల్లరేగడిది మరో తీరు. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు, ఆంధ్రలో గుంటూరు, అమరావతి ప్రాంతాల్లో ఇల్లు కట్టినవారికి ఇది తెలిసే ఉంటుంది. ఈ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఇంటికి ఒక పక్క నీరు నిలిచి, రెండో పక్క ఎండగా ఉంటే పునాదిని ఒక వైపు పైకి నెడుతుంది, రెండో వైపు వదిలేస్తుంది. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే పగుళ్లు, ఇటుక వరసల వెంట మెట్లు మెట్లుగా దిగే పగుళ్లు, వానాకాలంలో పట్టేసి వేసవిలో మామూలయ్యే తలుపులు దాని గుర్తులు.

పగులు కనిపించగానే కంగారు పడనక్కర్లేదు. వెంట్రుకవాసి పగుళ్లు ప్లాస్టరింగ్‌వి కావచ్చు. పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ రాయండి. మేస్త్రీలు పగులుకు అడ్డంగా సన్నటి గాజుముక్క అతికిస్తారు. నేల కదులుతుంటే అది పగిలిపోతుంది. పగులు గీత దాటి పెరుగుతున్నా, గాజు పగిలినా పెయింటర్ కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరు రావాలి.

మీ స్లాబు మీద ఎన్ని ట్యాంకర్ల వాన పడుతుంది?

లెక్క చాలా తేలిక. 100 చదరపు మీటర్ల స్లాబు మీద, అంటే సుమారు 1,075 చదరపు అడుగుల మీద, ఒక సెంటీమీటరు వాన పడితే 1,000 లీటర్లు. 2020 అక్టోబరు 13న మొదలైన వాన గుర్తుందా? మర్నాడు ఉదయానికి 24 గంటల్లో బేగంపేటలో దాదాపు 19 సెంటీమీటర్లు నమోదైంది. అంటే ఒక్కో 100 మీటర్ల స్లాబు మీద 19 వేల లీటర్లు. జలమండలి 5 వేల లీటర్ల ట్యాంకర్లలో చెప్పాలంటే దాదాపు నాలుగు ట్యాంకర్లు. ఏప్రిల్‌లో ఒక్క ట్యాంకర్ కోసం ఫోన్ పట్టుకుని కూర్చునే మనం, ఆ రోజు నాలుగు ట్యాంకర్లను పునాది పక్కన ఒంపుకున్నామన్నమాట.

చాలా ఇళ్లలో స్లాబు నీటి పైపులు సరిగ్గా గోడ మొదట్లోనే ముగుస్తాయి. ఈ తప్పును సరిచేయడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ. పైపు అడుగున ఒక బెండ్, అక్కడి నుంచి గేటు దాకా లేదా ఇంకుడు గుంత దాకా పైపు వేస్తే చాలు. మిగతా పనుల కంటే ముందు ఇది చేయించండి.

ఆ తర్వాత గచ్చు వాలు. గోడ నుంచి ప్రహరీ వైపు ప్రతి నాలుగు అడుగులకు కనీసం ఒక అంగుళం దిగాలి. మూడు నాలుగు అడుగుల సందుల్లో ఈ మాత్రం వాలు కంటికి కనిపించదు కాబట్టి టైల్స్ వేసేటప్పుడు మేస్త్రీ మట్టం పెట్టి సమంగా వేసేస్తాడు, చూడటానికి అదే బాగుంటుంది. పని అప్పగించకముందే ఒక బకెట్ నీళ్లు గోడ మొదట్లో పోసి అవి ఎటు వెళ్తాయో చూడండి. గోడకూ గచ్చుకూ మధ్య సందు ఉంటే సిమెంటుతో మూయించండి. ఎంత వాలు పెట్టినా ఆ సందులోంచి నీరు నేరుగా పునాదికి దిగుతుంది.

ఇక్కడ వాస్తు సంగతి కూడా చెప్పుకోవాలి. ఈశాన్యం పల్లంగా ఉండాలని ఆవరణ మొత్తం ఆ మూలకు వాలుగా కట్టిస్తారు. రోడ్డు తూర్పునో ఉత్తరానో ఉంటే ఇబ్బంది లేదు. రోడ్డు, కాలువ పడమరనో దక్షిణాననో ఉంటే ఆవరణలో నీళ్లన్నీ బయటికి దారి లేని మూలకు చేరతాయి. నమ్మకాన్ని మార్చుకోమని ఎవరూ అనడం లేదు, ఆ మూలలో చిన్న గుంట కట్టించి అక్కడి నుంచి పైపు ద్వారానో మోటారుతోనో నీటిని రోడ్డు వైపు పంపే ఏర్పాటు ఉండాలి.

వాన లేని నెలల్లో కూడా గోడ తడిగా ఉంటోందా? అయితే అనుమానం సంపు మీదకి మళ్లాలి. మన ఊళ్లో సంపు తవ్వేది కూడా పునాది పక్కనే కదా. రాత్రి మోటారు, నల్లా రెండూ కట్టేసి, సంపులో నీటిమట్టం దగ్గర గీత పెట్టండి. తెల్లారేసరికి మట్టం తగ్గితే సంపు కారుతోంది. నల్లా వచ్చిన రోజు సంపు పొంగి పొర్లడం, గోడ వారగా పూలకుండీలకు పోసే నీళ్లు, బట్టలుతికే చోటు నుంచి కారే నీళ్లు కూడా చూడాలి.

ఇంకుడు గుంత ఎక్కడ?

నీరు-భూమి-చెట్టు చట్టం, అంటే 2002 నాటి వాల్టా, వాననీటిని భూమిలోకి ఇంకించే ఏర్పాటును తప్పనిసరి చేసింది. 2012లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల జీవో 168 కూడా అదే అంటుంది. కాబట్టి ప్లానులో గుంత ఉంటుంది. ఆవరణలో ఉందా అన్నది వేరే ప్రశ్న. ఉన్న చోట కూడా అనుమతి కోసం గోడకు ఆనించి తవ్వి, కంకర నింపి వదిలేసినవి కనిపిస్తాయి. అంతకంటే ప్రమాదం ఇంకొకటి లేదు. స్లాబు నీళ్లన్నీ తెచ్చి పునాది కింద పోస్తున్నట్టే.

గుంతను పునాదికి వీలైనంత దూరంగా, మూడు మీటర్లు దొరికితే మంచిది, ప్లాటులో పల్లపు చివర తవ్వించాలి. చిన్న ప్లాట్లలో ఆ చోటు గేటు పక్కనే దొరుకుతుంది. తవ్వే ముందు ఒకటిన్నర అడుగుల గోయి తీసి నీళ్లు నింపండి. మర్నాటికీ నీళ్లు అలాగే ఉంటే ఆ నేల ఇంకించుకోదని అర్థం. నల్లరేగడిలో ఇదే జరుగుతుంది. అక్కడ ఇంటి పక్కన ఇంకుడు గుంత తవ్వడం మేలు కంటే కీడు ఎక్కువ చేస్తుంది. నీటిని సంపులోకి వడకట్టి నింపుకోవడమో, బయటి కాలువలోకి పంపడమో నయం.

సెల్లార్ ఉన్న అపార్ట్‌మెంట్లకు ఒక హెచ్చరిక. వరద వచ్చి సెల్లార్ నిండితే బయట నేల కూడా నీటితో నిండి ఉంటుంది. లోపలి నీటిని ఒక్కసారిగా తోడేస్తే బయటి ఒత్తిడికి గోడ లోపలికి ఒరగొచ్చు. చుట్టుపక్కల నీరు తగ్గాక, కొద్దికొద్దిగా, మధ్యలో ఆగుతూ తోడాలి. ముందు కరెంటు కట్టేయాలి.

ఏ పైపు ఎవరిది?

గేటు దాటాక కథ మారుతుంది. వీధి కింద రెండు వేర్వేరు లైన్లు ఉండాలి. మురుగు లైను, దాని మ్యాన్‌హోళ్లు జలమండలివి. వాననీటి కాలువలు, నాలాలు, రోడ్డు పక్క క్యాచ్‌పిట్లు మున్సిపల్ కార్పొరేషన్‌వి. రోడ్డు మీద నిలిచిన నీటి విషయంలో 2024లో ఏర్పాటైన హైడ్రా బృందాలు కూడా రంగంలో ఉంటున్నాయి. సామాన్యుడికి అన్నీ ‘డ్రైనేజీ’యే. అందుకే ఫిర్యాదు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరుగుతుంది.

గుర్తుపట్టడం కష్టం కాదు. వాన లేకపోయినా మ్యాన్‌హోల్ పొంగుతుంటే, బాత్రూంలో నీరు వెనక్కి తన్నుతుంటే అది మురుగు లైను, జలమండలి నంబరు 155313. వాన పడినప్పుడే వీధిలో నీరు నిలుస్తుంటే, క్యాచ్‌పిట్‌లో చెత్త ఇరుక్కుంటే కార్పొరేషన్ పని, 040-21111111.

చాలా కాలనీల్లో వాననీటి కాలువ అసలే లేదు. అందుకని ఇంటి వాన పైపును చాటుగా మురుగు లైనులో కలిపేస్తారు. కొందరు జోరు వానలో మ్యాన్‌హోల్ మూతే ఎత్తేస్తారు. మొదటిదానికి నిబంధనలు ఒప్పుకోవు, రెండోది జలమండలి చట్టం కింద నేరం, పైగా నీళ్లలో నడిచేవారి ప్రాణాల మీదికి తెస్తుంది. ఇంటి మురుగుకు సరిపడా వేసిన లైనులో వీధి మొత్తం వాననీరు దూరితే, అది పల్లంలో ఉన్న ఇంటి బాత్రూంలోంచి పైకి వస్తుంది. మన ఆవరణ ఆరుతుంది, వీధి చివరి ఇంట్లోకి మురుగు చేరుతుంది. అయితే తప్పంతా ఇళ్లవాళ్లదే అనడం న్యాయం కాదు. కాలువ వేయని వీధిలో నీళ్లు ఎక్కడికి పంపాలో ఏ ఆఫీసూ చెప్పదు.

రోడ్డు ఎత్తు పెరిగితే?

పాత కాలనీల్లో అసలు ఫిర్యాదు ఇదే. ఇల్లు కట్టినప్పుడు గేటు ముందు రెండు మెట్లు ఉండేవి. సీసీ రోడ్డు మీద మళ్లీ సీసీ పోశారు, ఒక మెట్టు పోయింది. ఇంకోసారి వేశారు, రెండోదీ పోయింది. ఇప్పుడు వీధిలో నీరే గేటు కింద నుంచి లోపలికి వస్తోంది. చుట్టూ ఉన్న నేల కంటే ఇంటి ప్లింత్ కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తుండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. ఆ ఎత్తును ఇంటి యజమాని పాటించాడు, రోడ్డు వేసినవారే మింగేశారు. పక్కన కొత్తగా కట్టేవాళ్లు ఇంకో రెండు అడుగులు లేపుతారు, నీరంతా పాత ఇంటికే. జాకీలతో ఇల్లు పైకి లేపించుకునే స్థోమత అందరికీ ఉండదు.

దీనికి పరిష్కారం తెలియనిదేం కాదు. పాత పొరను గీకి, లేదా తవ్వి తీసేసి, అదే మట్టానికి కొత్తది వేయాలి. తమిళనాడు ప్రభుత్వం 2021లో రోడ్లు వేసేటప్పుడు ఇలాగే చేయాలని అధికారులను ఆదేశించింది. మన దగ్గర ప్రధాన రోడ్ల మీద మిల్లింగ్ యంత్రాలు కనిపిస్తాయి. కాలనీ వీధిలోకి అవి రావడం అరుదు. అక్కడ అడిగేవారు ఉంటేనే తవ్వకం జరుగుతోంది.

అడగాల్సింది రోడ్డు వేశాక కాదు, వేయకముందు. మీ వీధికి సీసీ రోడ్డు మంజూరైందని తెలియగానే వార్డు ఇంజినీరింగ్ సిబ్బందిని ఎస్టిమేట్ చూపించమనండి. అందులో పాత రోడ్డు తవ్వకం ఉందా, పక్కన వాననీటి కాలువ ఉందా అన్న రెండు సంగతులు చూడండి. చూపించకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒక్కరుగా కాక కాలనీ సంఘం పేరుతో, సోమవారం ప్రజావాణిలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

ఫిర్యాదులో ‘మా ఇంట్లోకి నీళ్లు వస్తున్నాయి’ అని రాస్తే చాలదు. గేటు మెట్టు కంటే రోడ్డు ఎన్ని అంగుళాల ఎత్తులో ఉందో టేపుతో కొలిచి, టేపు కనిపించేలా ఫొటో తీయండి. వాన పడుతున్నప్పుడు నీరు ఎటు నుంచి లోపలికి వస్తోందో అర నిమిషం వీడియో తీసి పెట్టుకోండి. ఇంటి పాత ఫొటోల్లో గేటు ముందు మెట్లు కనిపిస్తుంటే వాటినీ జత చేయండి.