జీపు ఆగని ఊళ్ళలో సైకిలు ఆగింది



గత జనవరిలో మేము నలుగురం మచిలీపట్నం నుండి చీరాల వరకు సైకిళ్ళ మీద వెళ్ళివచ్చామని మీలో చాలామందికి తెలుసు. "ఈ వయసులో ఇదేం పని అయ్యగారూ, బస్సులు లేవా?" అని కొందరు ప్రేమతోనే అడిగారు. పరిచర్య కొరకు కారు కొనాలా వద్దా అని సంఘంలో మాట్లాడుకుంటున్న సమయం ఇది. కాబట్టి ఆ ప్రయాణం తరువాత మాకు కలిగిన అభిప్రాయాన్ని దాచకుండా మీ ముందు పెడుతున్నాము.

కత్తిపూడి నుండి ఒంగోలు దాకా తీరం వెంబడి 216 నంబరు జాతీయ రహదారి ఉంది. దాని మీదే పోతే మాకు రెండు రోజుల పని. కానీ మేము దానిని వదిలి సముద్రం వైపు దిగే చిన్న రోడ్లు పట్టుకున్నాము. దాదాపు 200 కిలోమీటర్లు తిరిగాము, ఐదు రోజులు పట్టింది. సముద్రం వైపు తిరిగిన ప్రతిసారీ మధ్యాహ్నానికల్లా ఎదురుగాలి. దిగి సైకిలు నడిపించుకుంటూ పోయిన రోడ్లు కూడా ఉన్నాయి. ఉప్పుగాలికి గొలుసులు రెండు రోజుల్లోనే ఎర్రబడ్డాయి.

కోడూరు దాటి హంసలదీవి వైపు వెళ్తుంటే ఊళ్ళు పలచబడతాయి. ఒక పక్క రొయ్యల చెరువులు, ఇంకొక పక్క గడ్డి కూడా మొలవని చవిటి నేల, దూరంగా మడ అడవులు. కృష్ణానది సముద్రంలో కలిసే చోటు అదే. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలాదిమంది ప్రాణాలు తీసుకున్న దివిసీమ అదే. ఆ మడ చెట్లను దగ్గరగా చూశాము. బురదలో వేళ్ళు పాతుకొని నిలబడతాయి, అల తాకిడిని తగ్గిస్తాయి. కారులో పోయేవారికి అది ఒక పచ్చని గీత మాత్రమే. చెరువు గట్టు మీద మాకు మంచినీళ్ళు ఇచ్చిన పెద్దాయన, ఆ రాత్రి తన ఇంట్లో ఎవరెవరు పోయారో పేర్లు వరుసగా చెప్పాడు. మేము ఏమీ బోధించలేదు. విన్నాము, ప్రార్థన చేశాము, అంతే.

పులిగడ్డ వారధి దాటి రేపల్లె చేరేసరికి మాలో ఒక సహోదరునికి మోకాలు వాచింది. ఆయన బస్సెక్కి బాపట్ల వెళ్ళి మాకోసం ఎదురుచూశాడు. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మిగిలిన ముగ్గురం నిజాంపట్నం మీదుగా సాగాము.

ఇక చెప్పడానికి మాకు కష్టంగా ఉన్న సంగతి. బాపట్ల తీరాన ఒక చిన్న పల్లెలో సైకిలు టైరు పంచరైంది. వల బాగుచేసుకుంటున్న ఒక అమ్మ మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి టీ ఇచ్చింది. కాసేపు మా ముఖాలు చూసి, "మీరు తుఫానప్పుడు జీపులో వచ్చి దుప్పట్లు పంచినోళ్ళు కదా" అంది. నిజమే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన తరువాత మన సంఘం తరఫున అక్కడికి వెళ్ళాము. ఒక్కరోజులో ఆరు పల్లెలు తిరిగాము, ఫొటోలు తీసుకున్నాము. ఆ ఫొటోలు చూసి మీరందరూ దేవుని స్తుతించారు.

ఆ అమ్మ ఇలా చెప్పింది: "ఆ రోజు మా పిల్లోడు మీతో మాట్లాడాలనుకున్నాడయ్యా. వలలన్నీ పోయి అప్పులోళ్ళు మీదపడతంటే చచ్చిపోతానంటా ఉన్నాడు. ప్రార్థన చేయించుకుందామని చొక్కా తొడుక్కుని వచ్చేలోపు మీ బండి కదిలిపోయింది." ఆ అబ్బాయి తరువాత పనికని చెన్నై వెళ్ళాడట. ఏడాదిగా ఫోను లేదు.

ఆమె మమ్మల్ని నిందించలేదు. దుప్పటి ఇంకా వాడుకుంటున్నానని కృతజ్ఞతగానే చెప్పింది. మాకు మాత్రం ఆ టీ గొంతు దిగలేదు. ఇంటికి వచ్చి పాత ఫొటోలు తీసి చూశాము. ఒకదానిలో ఆ అమ్మ ఉంది. వెనుక తలుపు దగ్గర ఒక యువకుడు నిలబడి ఉన్నాడు.

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం ఆ రాత్రి మళ్ళీ చదివాము. పౌలు పెంతెకొస్తు నాటికి యెరూషలేములో ఉండాలని తొందరపడుతున్నాడు. త్రోయలో ఓడ సిద్ధంగా ఉంది. లూకా మొదలైనవారు ఓడ ఎక్కారు. పౌలు మాత్రం అస్సు వరకు కాలినడకన వెళ్ళాడు. కారణం ఏమిటో లూకా రాయలేదు. ఓడ ఎక్కినవారిని తప్పుపట్టనూ లేదు. ఒకటి మాత్రం స్పష్టం: తొందరలో ఉన్న దైవసేవకుడు కూడా కొంత దారిని నెమ్మదిగా నడవడానికి ఎంచుకున్నాడు. అదే అధ్యాయంలో, ఎఫెసులో ఇంటింటికీ వెళ్ళి బోధించిన సంగతిని పెద్దలకు గుర్తుచేశాడు. ఇంటింటికీ వెళ్ళే పని వేగంగా జరిగేది కాదు.

అందుకని మేము కారు వద్దనడం లేదు. అర్ధరాత్రి కాన్పు నొప్పులు వస్తే సైకిలు అక్కరకు రాదు. వర్షాకాలంలో వృద్ధులను ఆరాధనకు తీసుకురావాలన్నా బండి కావాలి. సైకిలు తొక్కితే పరిశుద్ధత పెరుగుతుందని కూడా మేము చెప్పము. రెండో రోజు ఎదురుగాలిలో మేము ఒకరినొకరు విసుక్కున్న మాటలు దేవునికి తెలుసు. కానీ కారు వచ్చాక "ఈ నెల ఎన్ని ఊళ్ళు తిరిగాము" అనే లెక్క మొదలైతే, ఆ జీపు చేసిన తప్పే మళ్ళీ చేస్తాము.

కాబట్టి మా మనవి ఇది. కారు కొన్నా కొనకపోయినా, నెలకు ఒక శనివారం ఇద్దరిద్దరుగా ఒక్క ఊరికే వెళ్దాం. సైకిలు తొక్కగలవారు సైకిలు మీద, లేనివారు బస్సులో. మైకు వద్దు, ఫొటోలు వద్దు. చొక్కా తొడుక్కుని బయటికి వచ్చేవారి కోసం ఆగుదాం. వచ్చే ఆదివారం ఆరాధన తరువాత దీని గురించి కూర్చుని మాట్లాడుకుందాం. కాదనేవారు కూడా తప్పక రండి.

అంతవరకు ఆ అమ్మ కోసం, చెన్నైలో ఎక్కడున్నాడో తెలియని ఆమె కుమారుని కోసం మీ కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. చెన్నైలో ఉన్న మన తెలుగు విశ్వాసులు ఎవరైనా హార్బరు వైపు పనివారి మధ్య పరిచర్య చేస్తుంటే మాకు తెలియజేయండి. ఈసారి మేము ఆగుతాము.

ప్రభువు కృప మీకందరికి తోడైయుండునుగాక. ఆమేన్.